బటాణీకి ఒడ్డు దొరికింది

బటాణీ అనే తాబేలుపిల్ల మా ఇంటికొచ్చింది 2019 సంక్రాంతికి. మా తమ్ముడు మేనకోడలికి కానుకగా తెచ్చాడు. అరచేతిలో పెట్టుకుంటే రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది. ఒళ్లంతా పచ్చన, కళ్ల వెనక ఎర్రటి చార. పచ్చి బటాణీలా ఉందని పిల్లే ఆ పేరు పెట్టింది. షాపువాళ్లు దానితో పాటు ఒక ప్లాస్టిక్ డబ్బా, అందులో ఒక ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు, ఒక మేత సీసా ఇచ్చారు. "ఇంతకంటే పెరగదండి, రోజూ నాలుగు గింజలు వేస్తే చాలు" అన్నారట. ఆ మాట నమ్మి నాలుగేళ్లు పెంచాం. ఆ నాలుగేళ్లు తల్చుకుంటే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది.

అది రెడ్ ఇయర్డ్ స్లైడర్ అనే జాతి నీటి తాబేలు. పుట్టిల్లు అమెరికాలో మిసిసిపీ నది చుట్టుపక్కల. ఆడదైతే డిప్ప పది అంగుళాలు దాటవచ్చు, బాగా చూసుకుంటే ముప్పై ఏళ్లు బతుకుతుంది. డబ్బా నుంచి బేసినుకి, బేసిను నుంచి బట్టలు నానబెట్టే టబ్బుకి మారుస్తూ వచ్చాం కానీ, దానికి ఏం కావాలో ఒక్కసారీ ఆలోచించలేదు.

2023 ఎండాకాలంలో ఒకరోజు టబ్బు కడుగుతూ దాన్ని ఎత్తితే, వెనక వైపు డిప్ప అంచు నా వేలికి వంగింది. గట్టిగా ఉండాల్సింది మెత్తగా, అప్పడం పిండిలా అనిపించింది. గుండె జారిపోయింది. డాక్టరుగారు చూసి, తిండి సంగతి తర్వాత అడిగారు. ముందు అడిగింది "దీనికి ఎండ ఎక్కడ తగులుతోందమ్మా?" అని. కిటికీ పక్కనే పెట్టాం సార్, పొద్దున్నంతా ఎండ పడుతుంది అన్నాను. "కిటికీ అద్దం వేసి ఉంటుందా, తీసి ఉంటుందా?" అన్నారు.

వేసే ఉంటుంది. అక్కడే ఉంది తప్పంతా. ఎండలో యూవీబీ కిరణాలు ఒంటికి తగిలితేనే తాబేలుకి డి3 విటమిన్ తయారవుతుంది. అది ఉంటేనే తిన్న కాల్షియం ఒంటపడుతుంది. అద్దం వెలుతురుని లోపలికి పంపుతుంది కానీ ఆ కిరణాలని ఆపేస్తుంది. పైగా మా టబ్బులో పూర్తిగా ఒళ్లారబెట్టుకునే చోటే లేదు. నాలుగేళ్లూ అది నీళ్లలోనే నానుతూ బతికింది.

ఇక దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామా అన్న మాట ఇంట్లో వచ్చింది. మా మామయ్యగారిది శ్రీకాకుళం దగ్గర ఊరు. "శ్రీకూర్మంలో స్వామి దగ్గర వదిలేద్దామమ్మా, అక్కడ బోలెడు తాబేళ్లున్నాయి కదా" అన్నారు, ఎంతో ప్రేమగా. అక్కడ గుడి ఆవరణలో ఉన్నవి నక్షత్ర తాబేళ్లండీ, నేల మీద తిరిగేవి, మనది నీటిది, అక్కడ బతకదు అని చెప్పాను. పక్కింటాయన మేఘాద్రి గెడ్డ జలాశయంలో వదిలేయమన్నాడు. దానికైతే నేను అస్సలు ఒప్పుకోలేదు. లోకంలో అతి ప్రమాదకరమైన వంద ఆక్రమణ జాతులంటూ ప్రకృతి సంరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వాళ్లు వేసిన జాబితాలో ఈ స్లైడర్ కూడా ఉంది. చెరువులో పడితే మన నీటి తాబేళ్ల తిండి, అవి ఎండకి కూర్చునే చోటు ఇది లాక్కుంటుంది. తెచ్చుకున్నది మనం, చూసుకోవాల్సిందీ మనమే. మామయ్యగారు కాసేపు ఆలోచించి, "అయితే ఇల్లు కట్టాలి దానికి" అన్నారు.

డిప్ప అంగుళానికి దాదాపు 38 లీటర్ల నీళ్లుండాలన్నది తాబేళ్లు పెంచేవాళ్లు పాటించే లెక్క. బటాణీ ఎనిమిది అంగుళాలు. అంటే 300 లీటర్లకి పైమాటే. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకు అనుకున్నాం. పదిహేడు అంగుళాల దాకా నింపితే 320 లీటర్లు. గాజువాకలో ట్యాంకులు కట్టే అతని దగ్గరికెళ్లి ఎనిమిది ఎం.ఎం. గాజు చాలు కదా అంటే తల అడ్డంగా ఊపాడు. "అమ్మా, చేపలకైతే సరే. తాబేలు రాళ్లని తోస్తాదండి, గోడకి గుద్దుకుంటాది. పన్నెండు వేద్దాం." పన్నెండే వేయించాం. నీళ్లు, గాజు కలిపి 400 కిలోలు దాటింది. మాది కింద ఇల్లు కాబట్టి ధైర్యం చేశాను. మేడ మీద ఉండేవాళ్లు మాత్రం బీము ఎక్కడుందో ఇంజినీరుని అడగకుండా పెట్టొద్దు. స్టాండు ఇనప యాంగిల్‌తో చేయించి, పైన ప్లైవుడ్, దాని మీద థర్మాకోల్ షీటు పరిచాం. కింద ఇసుక రేణువంత ఎత్తుపల్లం ఉన్నా గాజు అక్కడే చిట్లుతుంది, థర్మాకోల్ దాన్ని సర్దుకుంటుంది.

సిలికాన్ పట్టుకోవడానికి వారం ఆగాం. ఆ వారమంతా హాల్లో ఒకటే వెనిగర్ వాసన. తర్వాత నిండా నీళ్లు పోసి, చుట్టూ పాత న్యూస్‌పేపర్లు పరిచి పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే కుడి మూల కాగితం మీద అరచేయంత తడి మరక. నీళ్లన్నీ తోడి, ఆరబెట్టి, ఆ మూల మళ్లీ పూయించి, ఇంకో వారం ఆగాం. ఓపిక పట్టలేక బటాణీని ముందే దింపేసి ఉంటే ఏమయ్యేదో!

నేను ఎక్కువ రోజులు కష్టపడింది నీళ్ల కోసం కాదు, ఒడ్డు కోసం. వంటింటి అరలకి వేయగా మిగిలిన కడప బండ ముక్క ఒకటి పెరట్లో ఉంది, అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు. దానికి పీవీసీ పైపులతో కాళ్లు కట్టాం. నీళ్లలో పెట్టగానే ఫ్రేము పైకి తేలిపోయింది. పైపులకి వరసగా బెజ్జాలు పెడితే లోపలికి నీళ్లెక్కి బుద్ధిగా కూర్చుంది. ఎక్కడానికి ఏటవాలుగా ఒక టైలు, గరుకు వైపు పైకి పెట్టి అతికించాం. బండ నీళ్లకి అంగుళం పైన ఉండటంతో అది ట్యాంకు అంచు ఎక్కేసే ప్రమాదం ఉంది. అందుకే ఆ మూల చుట్టూ అడుగెత్తు జాలీ కట్టి, పైన రెండు లైట్లు వేలాడదీశాం. ఒకటి వేడికి, ఒకటి యూవీబీకి. బండ మీద 33 డిగ్రీలు వచ్చేదాకా గొలుసు పెంచుతూ తగ్గిస్తూ థర్మామీటరు పెట్టి చూశాను. యూవీబీ బల్బు వెలుగుతూనే ఉన్నా కొన్ని నెలలకి దానిలో సత్తువ తగ్గుతుంది. కొన్న తేదీ బల్బు మీదే మార్కర్‌తో రాస్తాను.

ఫిల్టరు మా ఆయన చేశారు. ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు, అందులో స్పాంజి, సిరామిక్ రింగులు, మామయ్యగారు కొట్టిచ్చిన కుండ పెంకులు. గంటకి 1,200 లీటర్లు తోడే పంపు నీళ్లని బకెట్టులోకి ఎక్కిస్తుంది, అక్కణ్ణుంచి అవే ట్యాంకులోకి దిగుతాయి. స్పాంజి పూడుకుపోతే నీళ్లు నేల మీదికి పొంగకుండా పైన ఇంకో పైపు పెట్టారు. తాబేలు చేపలకంటే చాలా ఎక్కువ మురికి చేస్తుంది. ఆ మురికిలోంచి వచ్చే అమ్మోనియాని విరిచే బ్యాక్టీరియా ఈ పెంకుల మీద, స్పాంజిలో కాపురం పెడుతుంది, దానికి నెలా నెలన్నర పడుతుంది. అందుకే స్పాంజిని కుళాయి కింద కడగను, క్లోరిన్‌కి అవి చచ్చిపోతాయి. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండుతాను. వారానికోసారి మూడో వంతు నీళ్లు తీసి అరటిచెట్లకి పోస్తాం. కొత్తిమీర మడికి పోయం. తాబేళ్ల నుంచి సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా వస్తుంది, ముట్టుకున్నాక పిల్లైనా పెద్దైనా సబ్బుతో చేతులు కడగాల్సిందే.

దాన్ని దింపిన రోజు మధ్యాహ్నం దాకా ఓ మూల అడుగునే ఉండిపోయింది. మూడింటికి నెమ్మదిగా టైలెక్కింది, జారింది, మళ్లీ ఎక్కింది. బండ మీద మెడ పొడుగ్గా సాచి, వెనక కాళ్లు రెండూ వెనక్కి చాపి, వేళ్ల మధ్య పొరలు విసనకర్రలా విప్పి, కళ్లు మూసుకుంది. డిప్ప మీద నీటి చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోవడం మా అమ్మాయి, నేను అలాగే నిలబడి చూశాం. నాలుగేళ్లలో దాని ఒళ్లు పూర్తిగా ఆరడం నేను చూసింది అదే మొదలు.

ఇప్పుడు మేతలో గింజలు తగ్గించి అజొల్లా, గుర్రపు డెక్క ఆకులు, తురిమిన క్యారెట్ వేస్తున్నాం. డిప్ప గట్టిపడింది. ఈ ఏడాది మార్చిలో ఉన్నట్టుండి తిండి మానేసి, వెనక కాళ్లతో గాజుని గీరడం మొదలెట్టింది. మళ్లీ ఏమైందోనని పరుగెత్తితే, ఎక్స్‌రేలో ఆరు గుడ్లు కనిపించాయి. మగది లేకపోయినా గుడ్లు పెడుతుందట, వాటిలోంచి పిల్లలు రావు, అంతే. మట్టి దొరక్కపోతే కడుపులోనే ఆగి ప్రాణం మీదికొస్తుంది. పాత టబ్బులోనే ఇసుక, ఎర్రమట్టి కలిపి, తడిపి, అడుగు లోతున నింపాం. సాయంత్రం దాన్ని అందులో పెట్టి, లైటార్పి, తలుపు సందులోంచి చూశాం. ముందు తన ఒంట్లో నీళ్లే వదిలి మట్టి మెత్తబరచుకుంది. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, చిన్న గరిటెతో తీసినట్టు మట్టి తీసింది. గంటన్నర పట్టింది. పెట్టాక అవే కాళ్లతో మట్టి కప్పి, పొట్టతో అదిమి చదును చేసింది.

తిరిగి ట్యాంకులో వదిలితే నీళ్లలో ఒక మునక వేసి నేరుగా బండెక్కింది. రోజూ ఏడింటికి ఆపే లైటు ఆ రోజు తొమ్మిది దాకా ఉంచాం.