వెనక టైరు వెడల్పు చేయాలంటే మొదట గార్డు లోపల కొలవండి

టైరు ముందు కొనేసి, దానికి సరిపడే రిమ్ము, ఆ రిమ్ముకు సరిపడే స్పేసరు (చక్రం బిగించే హబ్బుకూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్ల) వెతుక్కుంటూ ఆటోనగర్ రోడ్లన్నీ తిరగడం మన బెజవాడలో మామూలు వరస. డబ్బు వృథా అయ్యేది అక్కడే. ఫోర్డ్ మస్టాంగ్ అయినా, 1984 నుంచి 2002 దాకా మన దేశంలో తయారైన కాంటెస్సా అయినా వరస ఒకటే: మొదట గార్డు (చక్రం మీది రేకు) లోపలి చోటు, తర్వాత రిమ్ము, అన్నిటికన్నా చివర టైరు.

బయట ఎంత చోటుందో కంటికే తెలుస్తుంది. దారానికి ఒక నట్టు కట్టి గార్డు అంచు నుంచి వేలాడదీస్తే టైరు పొట్టకీ (పక్కకు ఉబ్బిన భాగానికి) దారానికీ మధ్య దూరం స్కేలుతో కొలవచ్చు. తంటా అంతా లోపలి వైపే. స్ప్రింగు, షాక్ అబ్జార్బరు, బ్రేకు గొట్టం, హ్యాండ్‌బ్రేకు కేబులు, లోపలి గార్డు రేకు అతుకు, వీటిలో ఏది టైరుకు దగ్గరగా ఉందో చక్రం విప్పితే గానీ తెలియదు. అనుమానం ఉన్న చోటల్లా చపాతీ పిండి ముద్దలు అంటించి, చక్రం బిగించి, చేత్తో నాలుగు చుట్లు తిప్పి విప్పండి. నలిగిన ముద్ద మందమే అక్కడున్న ఖాళీ.

బండి నిలబడి ఉన్నప్పుడు తీసిన కొలత ఒక్కటే చాలదు. స్ప్రింగు తీసేసి, చక్రాన్ని జాకీతో బంప్ స్టాప్ రబ్బరు (చక్రం అంతకన్నా పైకి పోకుండా ఆపేది) తగిలేదాకా ఎత్తి మళ్లీ కొలవాలి. వెనక రెండు చక్రాలకూ విడి సస్పెన్షన్ ఉన్న బండికి, అంటే 2015 నుంచి వచ్చిన మస్టాంగ్ లాంటిదానికి, లోపల 6 మిల్లీమీటర్ల ఖాళీ మిగిలితే సరిపోతుంది. కాంటెస్సాలా, పాత అమెరికన్ బండ్లలా ఒకే ముక్క ఇరుసు ఉంటే 12 నుంచి 15 వదలండి. మలుపులో బుష్‌లు (ఇరుసును పట్టి ఉంచే రబ్బర్లు) నలిగి ఇరుసు మొత్తం పక్కకు జరుగుతుంది. ఇలాంటి బండ్లలో ఇరుసు సరిగ్గా మధ్యలో ఉండదు కూడా. కుడి వైపు 22 మిల్లీమీటర్లు ఉండి ఎడమ వైపు 14 ఉంటే ఆశ్చర్యం లేదు. రెండు వైపులా కొలిచి తక్కువదాన్ని లెక్కలోకి తీసుకోండి.

ఇక ఆఫ్‌సెట్. హబ్బుకు ఆనుకునే ముఖం రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఉంటే ఆఫ్‌సెట్ సున్నా. ఆ ముఖం బయటి వైపుకు జరిగితే అది ప్లస్. ప్లస్ పెరిగేకొద్దీ చక్రం లోపలికి పోతుంది. ఇప్పుడు బండికి 9.5 అంగుళాల రిమ్ము, ప్లస్ 52.5 ఆఫ్‌సెట్ ఉందనుకుందాం. దాని స్థానంలో 11 అంగుళాలది, ప్లస్ 50 పెడదాం. వెడల్పు ఒకటిన్నర అంగుళం, అంటే 38.1 మిల్లీమీటర్లు పెరిగింది. ఇది రెండు వైపులా సగం సగం, 19 చొప్పున పంచుకుంటుంది. ఆఫ్‌సెట్ 2.5 తగ్గింది కాబట్టి చక్రం అంత మేర బయటికి జరుగుతుంది. మొత్తానికి లోపల 16.5, బయట 21.5 మిల్లీమీటర్ల చోటు తినేస్తుంది. చపాతీ ముద్ద కొలతలో నుంచి ఈ 16.5 తీసేస్తే ఎంత మిగులుతుందో చూడండి. 6 కన్నా, ఒకే ముక్క ఇరుసైతే 12 కన్నా, తక్కువైతే ఆ రిమ్ము మీ బండికి కాదు, షాపువాళ్లు ఎంత భరోసా ఇచ్చినా.

ఈ లెక్క రిమ్ముది. టైరు పొట్టది వేరే లెక్క. 305 అని టైరు గోడ మీద ఉన్నంత మాత్రాన సరిగ్గా 305 మిల్లీమీటర్లు ఉండదు. కంపెనీ ఇచ్చే కొలత ఒక నిర్దిష్ట రిమ్ము మీద తీసింది. అంతకన్నా అర అంగుళం వెడల్పు రిమ్ము మీద ఎక్కిస్తే పొట్ట దాదాపు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కంపెనీ డేటా షీటులో సెక్షన్ విడ్త్ అని ఉండే అంకె చూసి లెక్కేసుకోండి.

ఎత్తు తప్పితే స్పీడోమీటరు తప్పుతుంది, ఏబీఎస్ కూడా కంగారు పడుతుంది. 275/40 ఆర్19 (వెడల్పు 275 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 40 శాతం, రిమ్ము 19 అంగుళాలు) టైరు మొత్తం ఎత్తు 702.6 మిల్లీమీటర్లు. 305/35 ఆర్19 అయితే 696, తేడా ఒక శాతం లోపే, ఫరవాలేదు. 305/30 ఆర్19 మాత్రం 665.6. ఐదు శాతం పైన తగ్గింది. మీటరు 100 చూపిస్తుంటే బండి 95 కూడా పోదు, గేరింగు పొట్టిదవుతుంది (అదే వేగానికి ఇంజను ఎక్కువ తిరుగుతుంది), ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ తిరిగే వేగం తేడా పడి ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారకుండా ఆపే ఏర్పాటు) అనవసరంగా జోక్యం చేసుకుంటుంది. షాపులో స్టాకు ఉందని 30 సిరీస్ అంటగడితే వద్దనండి.

బోల్టుల సంగతి. మస్టాంగ్‌కు 5 రంధ్రాలు, 114.3 మిల్లీమీటర్ల పీసీడీ (రంధ్రాల మధ్యల గుండా గీసిన వృత్తం వ్యాసం). కాంటెస్సాకు ఎంతో ఎవరినీ అడగక్కర్లేదు, 5 రంధ్రాలున్న ఏ రిమ్ముకైనా పక్కపక్క రంధ్రాల మధ్య దూరం కొలిచి 1.701తో గుణించండి. 67.2 వస్తే 114.3. ఇక్కడ ఒక ఉచ్చుంది. ఇన్నోవా రిమ్ముకూ 114.3యే కదా అని తెచ్చి బిగించబోతారు. దాని మధ్య రంధ్రం 60.1, మస్టాంగ్ హబ్బు 70.5. రిమ్ము హబ్బు మీదికి ఎక్కనే ఎక్కదు. ఎక్కించడానికి లేతు మీద రంధ్రం పెద్దది చేయిస్తామంటారు, లెక్కా పద్ధతీ లేకుండా బొక్క తొలిస్తే చక్రం వంకర తిరుగుతుంది. దీనికి తిరగబడ్డ సమస్య మార్కెట్ రిమ్ములది. వాటి రంధ్రం చాలా వరకు 73.1 ఉంటుంది. అప్పుడు 73.1 నుంచి 70.5కి సెంటరింగ్ రింగు వేయాలి. రింగు లేకుండా బిగిస్తే 80 దాటాక సీటు కింద వణుకు మొదలవుతుంది, జనం దాన్ని బ్యాలెన్సింగ్ తప్పు అనుకుని మూడు షాపులు తిరుగుతారు.

నట్టు కూర్చునే చోటు శంకువు ఆకారంలో ఉందా, గుండ్రంగా ఉందా చూడండి. గుండ్రటి గుంటలో శంకువు నట్టు బిగిస్తే అంచు మీదే ఆనుతుంది. నాలుగు రోజుల్లో వదులవుతుంది. స్పేసరు వేసినా, మందమైన రిమ్ము పెట్టినా నట్టు స్టడ్డు (హబ్బు నుంచి పొడుచుకొచ్చిన మర బోల్టు) మీద ఎన్ని చుట్లు ఎక్కుతోందో లెక్కపెట్టాలి. 14 మిల్లీమీటర్ల స్టడ్డుకు కనీసం 14 మిల్లీమీటర్ల పట్టు కావాలి, మర పిచ్ 1.5 అయితే దాదాపు తొమ్మిదిన్నర చుట్లు. అంతకు తగ్గితే పొడవు స్టడ్డులు మార్పించండి. హబ్బు సెంటరింగ్ లేని, పోత అల్యూమినియం స్పేసర్ల జోలికి వెళ్లనే వద్దు.

బయట గార్డు అంచు తగులుతుందంటే అంచును లోపలికి మడిపించాలి, అంటే రోలింగ్. ఆ అంచు రెండు రేకులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసింది. టింకరింగ్ షాపులో గ్రైండరుతో కోసేస్తే వెల్డింగ్ పోయి రెండు రేకులూ విడిపోతాయి, మధ్యలోకి వాన నీళ్లు చేరి రెండు వర్షాకాలాల్లో తుప్పు బయటికొస్తుంది. రోలింగ్ చేసేటప్పుడు రంగు పగలకుండా హీట్ గన్‌తో వేడి చేస్తూ, రోలరును ఐదారు దఫాల్లో కొద్దికొద్దిగా ఒత్తాలి. తర్వాత లోపలి అతుకు మీద సీమ్ సీలరు రాయాలి. పాత కాంటెస్సాలకు గార్డు మీద లప్పం మందంగా పెట్టి ఉంటుంది. దాని మీద రోలరు పెడితే పెచ్చులుగా ఊడుతుంది. అయస్కాంతం పెట్టి చూడండి, పట్టుకోకపోతే లప్పమే.

టైరు ఎక్కించే షాపును ఎంచుకునేటప్పుడు మిషనుకు పక్క చేయి (టైరును నొక్కి పట్టే అదనపు చేయి) ఉందో లేదో చూడండి. 35 సిరీస్ గోడ గట్టిది, గునపాలతో ఎక్కిస్తే బీడు (రిమ్ముకు ఆనే టైరు అంచు) తెగుతుంది. బ్యాలెన్సింగ్ లోపలి అంచుకూ బయటి అంచుకూ విడివిడిగా చేయించాలి, ఒకే వైపు బరువు అంటించి పంపితే 11 అంగుళాల రిమ్ము ఊగడం ఆగదు. నట్లు గాలి గన్నుతో చివరిదాకా బిగించనివ్వకండి. స్టడ్డు సాగుతుంది, బ్రేకు డిస్కు వంకరపోతుంది. చేత్తో నక్షత్రం వరసలో బిగించి, టార్కు రెంచితో ముగించాలి. 2015 తర్వాతి మస్టాంగ్‌కు 204 న్యూటన్ మీటర్లు. ఏ కొత్త రిమ్మయినా 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం చల్లారినప్పుడు మళ్లీ రెంచి పెట్టాలి. కొత్త రిమ్ము ముఖం హబ్బు మీద సర్దుకుని నట్లు కాస్త వదులవడం మామూలే.

పరీక్షకు డిక్కీలో 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు వేసి, వెనక సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి, టైరు భుజానికి సుద్దముక్క రాసి, రింగు రోడ్డు వైపు స్పీడు బ్రేకర్ల మీద నెమ్మదిగా పోనివ్వండి. ఆ తర్వాత స్టీరింగు పూర్తిగా తిప్పి ఎనిమిది అంకె తిరగండి. సుద్ద చెరిగిన చోటే తగులుతోంది.

గాలి ఉదయం పూట, బండి కదలకముందు చూడండి. మే నెల మధ్యాహ్నం బెజవాడ రోడ్డు మీద తిరిగొచ్చాక చూస్తే మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి వదిలేస్తే రాత్రికి టైరు తక్కువ గాలితో నడుస్తుంది. వెడల్పు పెరిగింది కదా అని గాలి తగ్గించడం కూడా వద్దు, లోడు ఇండెక్సు చూసి నిర్ణయించాలి. 101 అంటే ఒక్కో టైరుకు 825 కిలోలు, 102 అంటే 850. వానలో మాత్రం వెడల్పు టైరు నష్టమే. నీటి మీద త్వరగా తేలిపోతుంది. జాతీయ రహదారి మీద నీళ్లు నిలిచిన చోట 60 దాటకండి. ముందు 255, వెనక 305 ఉంటే బండి మలుపులో తిన్నగా పోవాలని చూస్తుంది, ముందు యాంటీ రోల్ బారు (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) గట్టిదనం తగ్గించడమో, ముందు టైరు కూడా పెంచడమో చేయాలి.

ఇంకొకటి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ దాటి మార్పులు చేయకూడదంటుంది. టైరు గార్డు దాటి బయటికి కనిపించేలా పెడితే రోడ్డు మీద ఆపుతారు. క్లెయిము వేళ బీమా కంపెనీ కొర్రీ పెట్టొచ్చు. ముందే వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి.

కొనేటప్పుడు గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి, 2323 అంటే 2023లో 23వ వారం. 305 లాంటి సైజులు గోడౌన్లో ఏళ్ల తరబడి పడి ఉంటాయి. మూడేళ్లు దాటినదైతే తగ్గింపు ధర ఇచ్చినా వద్దు. ముందు వెనక సైజులు వేరు కాబట్టి టైర్లు అటూ ఇటూ మార్చుకునే వీలుండదు. వెనక జత ఎప్పుడూ ముందే అరుగుతుంది, దానికి డబ్బు మొదటి రోజే పక్కన పెట్టుకోండి.