చీపురుపుల్లలతో మకాం కప్పు

మా గేదెలకి మకాం కట్టాలి. మూడేళ్ళ నుంచీ అనుకుంటూనే ఉన్నాం గానీ, ఈ వేసవిలో పాతింటి వెనక వాటా దింపించాక ఇక వాయిదా వెయ్యడానికి వంక దొరకలేదు. దింపిన కలపంతా కొబ్బరితోటలో పేర్చి, పైన తాటాకులు కప్పి ఉంచాం. వానలు పట్టుకునేలోపు అది కప్పెక్కాలి. లేదంటే పొయ్యిలోకి పోతుంది.

(మా కోనసీమలో మకాం అంటే తోటలో ఉండే పశువుల చావిడి. బయటూరివాళ్ళు చదివి, టీచరమ్మ ఫామ్‌హౌస్ కట్టుకుంటోందనుకునేరు.)

దేంతో కప్పాలన్న దగ్గరే వారం గడిచింది. గొడ్లకి చల్లగా ఉంటుందని మావయ్యగారు తాటాకు అన్నారు. నిజమే, కానీ రెండు మూడేళ్ళకోసారి కొత్తాకు వెయ్యాలి, వేసేవాళ్ళు దొరకడం లేదు. మా ఆయన రేకులన్నారు. మే నెల మధ్యాహ్నం రెండింటికి పక్కవాళ్ళ రేకుల షెడ్డులో పది నిమిషాలు నిలబడి రమ్మన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎలాగూ పాతింటివి 1,300 బెంగళూరు పెంకులున్నాయి. పేరుకి బెంగళూరు గానీ వీటి పుట్టిల్లు మంగళూరు. బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో అక్కడ పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు.

హైస్కూల్లో లెక్కలు చెప్తాను కాబట్టి ప్లాను నేనే గీస్తానన్నాను. 20 అడుగుల వెడల్పు, రెండు వరసల గేదెలు, మధ్యలో దారి. గ్రాఫ్ పేపరు మీద రంగు పెన్సిళ్ళతో ముచ్చటగా వచ్చింది. వడ్రంగి మేస్త్రి గారు దాన్ని ఇటూ అటూ తిప్పి, "వాసం ఎంతుందో చూసి ఇల్లు గీస్తారు గానీ, ఇల్లు గీసేసి వాసాన్ని సాగదీస్తారా టీచరుగారూ?" అన్నారు.

తోటలోకి వెళ్ళి కొలిచాం. మొత్తం 41 తాటి వాసాలు. చూరు వైపు చివరలు చాలావాటికి చివికిపోయాయి. కోసేస్తే 30 వాసాలు పదకొండున్నర అడుగుల లెక్కన మిగిలాయి. అందులో చూరు కిందికి 2 అడుగులు దిగాలి. మిగిలిన తొమ్మిదిన్నరని 30 డిగ్రీల వాలులో పెడితే, కాస్ 30 పెట్టి గుణిస్తే, అడ్డంగా ఎనిమిది అడుగుల పైచిలుకు వస్తుంది. రెండు వైపులా కలిపితే పదహారున్నర. నా 20 అడుగులకి వాలు ఎంత తగ్గించినా చూరు చాలదు. పైగా వాలు తగ్గితే గాలివానలో నీళ్ళు పెంకు సందుల్లోంచి వెనక్కి ఎగదన్నుతాయి. అంచేత మకాం వెడల్పు 16 అడుగులు, పొడవు 24, గేదెలు ఒకే వరస. దూడలకీ పచ్చగడ్డికీ ఉత్తరం వైపు ఒక వసారా. ఆ వసారా కప్పు పెద్ద చూరు కింద నుంచి మొదలవ్వాలి కాబట్టి 8 అడుగులనుకున్న రాటలు 10 అడుగులయ్యాయి. లేకపోతే వసారా చూరు మోకాళ్ళ దగ్గరికొచ్చేసేది.

అసలు గొడవ నిట్రాడు (కప్పు నడినెత్తిన ఉండే కొప్పుని మోసే నడిమి రాట) దగ్గర వచ్చింది.

మేస్త్రి గారు నిట్రాడుని నేల నుంచే లేపుదామంటారు. పాత మకాం అలాగే ఉండేదట. మధ్యలో రాటలుంటే గేదెలు వీపులు రుద్దుతాయి, పేడ ఎత్తడానికి అడ్డం, వద్దన్నాను నేను. అడ్డంగా దూలం వేసి, దాని నడుమ పొట్టి నిట్రాడు నిలబెడదామన్నాను. "పదహారడుగుల దూలం నడుం మీద కూర్చోబెడితే పదేళ్ళకి ఉయ్యాలైపోద్దండి" అన్నారు. పాతింటివి మంచి టేకు దూలాలు నాలుగున్నాయి. వాటిని ఉయ్యాలలు చెయ్యడం నాకూ ఇష్టం లేదు.

ఆ రాత్రి ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయీ నేనూ చీపురుపుల్లలు పట్టుకు కూర్చున్నాం. రెండు పుల్లలు పైన దారంతో కట్టి, కాళ్ళు ఎడంగా నేల మీద పెట్టాం. పైన వేలితో నొక్కగానే కాళ్ళు చెరో వైపు జారిపోయాయి. మకాంలో అయితే ఆ కాళ్ళ కింద ఉండేవి రాటలు. రెండు కాళ్ళకీ అడుగున దారం కట్టాం. ఈసారి నొక్కితే దారం బిగిసింది గానీ కాళ్ళు కదల్లేదు. నాకు అక్కడ ఏదో తట్టింది. దారం దేన్నీ మొయ్యలేదు, లాగి పట్టుకోవడమే దానికి చేతనైన పని. మరి దూలం ఉన్నచోట దారం సరిపోయిందంటే దూలం పని కూడా అదే కదా.

అప్పుడు నిట్రాడుకి పుల్ల పెట్టకుండా, దాని బదులు కొప్పు నుంచి ఇంకో దారం వేలాడదీసి అడుగు దారం నడుముకి కట్టింది మా అమ్మాయి. అదీ నిలిచింది. అంటే నిట్రాడు దూలం మీద కూర్చోనక్కర్లేదు. దూలం చివరల నుంచి కొప్పుకెక్కే పెద్ద వాసాలు రెండూ పైన నిట్రాడు తలని ఇరికించి పట్టుకుంటే, దూలమే దానికి వేలాడుతుంది. ఇన్నేళ్ళు త్రిభుజాలు చెప్పాను గానీ, ఏ భుజం నొక్కుతుందో ఏది లాగుతుందో ఎప్పుడూ పట్టించుకోలేదు.

పొద్దున్నే చూపిస్తే మేస్త్రి గారు నవ్వి, "పాత గోడౌన్లలో ఇలాగే ఉంటాయండి, నిట్రాడు అడుగున దూలాన్ని ఇనప పట్టీతో ఎత్తి పట్టి ఉంచుతారు" అన్నారు. తెలిసి నిన్న ఎందుకు చెప్పలేదంటే, దూలానికి రెండేసి చొప్పున ఎనిమిది పెద్ద వాసాలకి కొత్త కలప కావాలి, ఖర్చు ఎందుకులే అని ఊరుకున్నారట! రెండు ముదురు తాడిచెట్లు బేరమాడాం. తాటిమానుకి గట్టిదనమంతా పైపొరలో ఉంటుంది, లోపలంతా మెత్తన. కాబట్టి ముదురుదే కావాలి.

ఇంతలో మా అమ్మాయి ఆ బొమ్మని తల పట్టుకుని పైకెత్తింది. అడుగు దారం వదులైపోయి పుల్లలు మూసుకుపోయాయి. మావయ్యగారు మంచం మీంచి చూస్తూ, "తొంభై ఆరులో మనదీ అలాగే లేచిందమ్మాయ్" అన్నారు. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో పాత మకాం కప్పు లేచి పక్క తోటలో పడిందట.

దాంతో నిద్ర పట్టలేదు. మన తీరానికి ఇంజనీర్లు లెక్కలో తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. దాని ఒత్తిడి లెక్కేస్తే చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. పెంకుల బరువు చూస్తే చదరపు మీటరుకి 40 కిలోల చిల్లర. ఆ గాలిలో సగం పైకి లాగినా పెంకు బరువు ఎక్కడికీ చాలదు. అందుకే దారం చాలే చోట కూడా టేకు దూలమే వేస్తున్నాం, ప్రతి అతుక్కీ బోల్టులు. రాటలు తడికి చివకకుండా రాతి దిమ్మల మీద నిలబెడుతున్నాం, దిమ్మలోంచి ఇనప పట్టీ వచ్చి రాటని పట్టుకుంటుంది. చూరు వరస పెంకులకి అడుగున ఉండే చిల్లులోంచి తీగ కట్టాలని నేను పట్టుబట్టాను. ఈ రోజుల్లో ఎవరూ కట్టరని మేస్త్రి గారంటారు. కట్టిస్తాను.

రీపర్ల (వాసాల మీద అడ్డంగా కొట్టి పెంకులు నిలిపే సన్న పట్టీల) ఎడం మాత్రం ఆయన మాటే విన్నాను. పుస్తకంలో కొలత చూడకుండా మన పెంకులు పదకొండు నేల మీద పరిచి, ఒకసారి దగ్గరికి నెట్టి, ఒకసారి ఎడంగా లాగి, మధ్య కొలత తీశారు. పన్నెండున్నర అంగుళాలు వచ్చింది. పదకొండున్నర అడుగుల వాసానికి సరిగ్గా పదకొండు వరసలు! చూరు చివర రీపరు మాత్రం మిగతావాటికన్నా ఎత్తుగా ఉండాలట. మొదటి వరసకి కింద ఇంకో పెంకు ఆసరా ఉండదు కాబట్టి, లేకపోతే అది ముందుకి వాలిపోతుంది.

రెండడుగులకొకటి చొప్పున వైపుకి 13, మొత్తం 26 వాసాలు సరిపోయాయి, నాలుగు మిగిలాయి. వసారాకి 13 పొట్టివి కావాలి. చివికినవాటిలో ఏడడుగులు దక్కినవి ఎనిమిదే. ఈ నాలుగూ కోసి కలిపినా పన్నెండు. ఆ ఒక్కటీ ఎక్కడ తెస్తారో గానీ, మావయ్యగారు నిన్నటి నుంచి నా నవారు మంచం పట్టె వైపు చూస్తున్నారు.