బ్యాగు అడుగున నాలుగు వేళ్ల కోత

నల్లగొండ నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సులో చౌటుప్పల్ దాటాక సీటు దొరికింది. బ్యాగు ఒళ్లో పెట్టుకోగానే అడుగుభాగం ఖాళీగా, మెత్తగా తగిలింది. తిప్పి చూస్తే నాలుగు వేళ్ల పొడవున కోత. ఇరవై ఏళ్లుగా నల్లగొండలో జాకెట్లు కుడుతున్నాను. బట్ట మీద కత్తెర పడిందో బ్లేడు పడిందో వేలు పెడితే తెలిసిపోతుంది. ఇది కొత్త బ్లేడు. రెక్సిన్ ఎక్కడా చిరగలేదు, పీచు లేవలేదు. కుట్టుకు రెండు వేళ్ల పైన, గీత గీసినట్టు తెగింది. లోపలి లైనింగ్‌ను మాత్రం విడిగా, ఇంకో కోతతో కోశారు. అంటే ఆ చెయ్యి రెండుసార్లు వచ్చి వెళ్లింది. రెండుసార్లూ నాకు తెలియలేదు.

అది 2025 జూలై, ఆషాఢం చివరి సోమవారం. శ్రావణం వస్తే మాకు ఊపిరి సలపదు. అందుకే ముందుగా బేగంబజారుకు వెళ్లి లైనింగ్ బట్ట, ఫాల్స్, లేసులు, హుక్కులు తెచ్చుకుంటాను. పోయిన పర్సులో తొమ్మిది వేల రూపాయలు ఉన్నాయి. ఆధార్ కార్డు, పాన్ కార్డు, ఏటీఎం కార్డు అందులోనే. వాటితో పాటు గాజుల జత మీద తీసుకున్న అప్పు తాలూకు తాకట్టు రసీదు. దానికి ఆ రోజు ప్రయాణంతో ఏ పనీ లేదు. మూడు నెలల కిందట పర్సులో పెట్టాను, అక్కడే ఉండిపోయింది.

ఎక్కడ జరిగిందో చాలా రోజులు ఆలోచించాను. ఇప్పటికి నాకొచ్చిన నమ్మకం ఇది. ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైనప్పటి నుంచి మేం ఆడవాళ్లం బస్సు ఎక్కగానే ఆధార్ కార్డు తీసి చూపిస్తున్నాం. ఒరిజినల్ కార్డే చూపాలి, జిరాక్సు గానీ ఫోనులో ఫోటో గానీ చెల్లదు. ఆ రోజు నల్లగొండ బస్టాండులో బస్సు కిక్కిరిసిపోయింది. పై కమ్మీ పట్టుకుని నిలబడి, ఒక చేత్తో బ్యాగు జిప్పు తీశాను. పర్సు తీశాను, పర్సులోంచి కార్డు తీశాను. కండక్టర్ సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. కార్డు పర్సులో పెట్టి, పర్సు బ్యాగు అడుక్కి తోసి, జిప్పు వేశాను. నా డబ్బు ఎక్కడుందో, ఏ మూలకు తోశానో చుట్టూ ఉన్న పదిమందికీ నేనే చూపించాను. నార్కట్‌పల్లిలో కొందరు దిగారు, చిట్యాలలో ఇంకొందరు. దిగేటప్పుడు ఒక తోపులాట, ఎక్కేటప్పుడు ఒక తోపులాట. వెనక ఎవరో చంటిపిల్లతో ఆనుకుని నిలబడ్డారు. ముందు ఒకావిడ చేతిలోంచి చిల్లర కింద పడితే వంగి ఏరి ఇచ్చాను. వాళ్లలో ఎవరినీ అనలేను, చూడనిది చూశానని చెప్పను. కానీ నా చూపు ఎప్పుడు కిందికి పోయిందో మాత్రం బాగా గుర్తుంది.

ఫోను ఎప్పుడూ చేతిలోనే ఉంచుకుంటాను, అది మిగిలింది. మా అమ్మాయికి ఫోన్ చేస్తే, ఏడుపు తరవాత, ముందు కార్డు ఆపమ్మా అంది. బ్యాంకు యాప్‌లో ఏటీఎం కార్డును ఆపే మీట ఉంటుంది, బస్సులోనే అది నొక్కాను. నా కార్డు మీద వైఫై గుర్తు లాంటి గీతలు ఉంటాయి. అలాంటి కార్డును మిషనుకు తాకిస్తే ఐదు వేల రూపాయల వరకు పిన్ అడగకుండానే డబ్బు పోతుందని ఆ రోజు దాకా నాకు తెలియదు. పిన్ నాకు తప్ప ఎవరికీ తెలియదన్న ధీమాతో ఇంటికి వెళ్లాక ఆపుదాంలే అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ తాకించే సౌకర్యం అక్కర్లేదనుకుంటే యాప్‌లోనే తీసేయవచ్చు. కొత్త కార్డు రాగానే నేను చేసిన మొదటి పని అదే.

ఎల్బీనగర్‌లో దిగిపోయాను. చేతిలో ఒక్క రూపాయి లేదు. టీ కొట్టు ఆయనకు ఫోన్‌పేలో ఐదు వందలు పంపి, ఐదు వందల నోటు ఇమ్మని అడిగాను. సంగతి చెబితే నోటుతో పాటు టీ కూడా ఇచ్చి, టీ డబ్బులు తీసుకోలేదు. తిరుగు బస్సులో కండక్టర్ అడగకముందే టికెట్ కొన్నాను. కార్డు లేకపోతే సున్నా టికెట్ లేదు. ఆ టికెట్ ఇంకా దాచుకున్నాను.

పోలీసు ఫిర్యాదు దగ్గరే ఎక్కువ పోరాడాల్సి వచ్చింది. కోత చూసుకునేసరికే బస్సు రెండు జిల్లాల మీదుగా వచ్చింది, ఎక్కడ ఇవ్వాలో తెలియలేదు. మా వీధిలో వకీలు దగ్గర గుమస్తాగా చేసే అన్న ఉన్నాడు. ఆయన విడమరిచి చెప్పాడు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. ఇంకొక మాట కూడా చెప్పాడు, ఇది చాలామందికి తెలియదు. పోయిన సొత్తు ఐదు వేల రూపాయల లోపైతే, మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి లేదు. “నీది తొమ్మిది వేలు చెల్లెమ్మా. ఎంత పోయిందో అంకెతో సహా రాయి, ఉజ్జాయింపుగా రాయకు” అన్నాడు.

స్టేషనులో రైటర్ సారు నా కాగితం చదివి, “పర్సు పోగొట్టుకున్నట్టు రాసివ్వమ్మా, పని తొందరగా అవుతుంది” అన్నాడు. ఆయన కోపంగా ఏమీ అనలేదు, నిజంగా నా మేలు కోరినట్టే అన్నాడు. కానీ నా లోపల ఏదో కదిలింది. నేను పోగొట్టుకోలేదు. నా దగ్గరి నుంచి తీశారు. పోగొట్టుకున్నానని సంతకం పెడితే ఆ తప్పు నా అజాగ్రత్తదే అని నేనే ఒప్పుకున్నట్టు. బ్యాగును టేబుల్ మీద బోర్లించి కోత చూపించాను. రెక్సిన్ కోత ఇది, లైనింగ్ కోత ఇది, రెండూ వేరు వేరని వేలితో తడిమి చూపించాను. పక్క గదిలోంచి ఎస్ఐ వచ్చి చూశారు. ఫోటో తీయించారు. దొంగతనం కిందే, భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద రాశారు. ఇంటికి రాగానే ఆ బ్యాగును కుట్టేసుకుందామని సూది దాకా వెళ్లిన చెయ్యి ఆగింది కాబట్టి సరిపోయింది. కోసిన బ్యాగును, తెగిన జేబును బాగుచేయకుండా అలాగే తీసుకెళ్లండి. నోటి మాటకన్నా అది గట్టిగా మాట్లాడుతుంది.

ఆధార్ పని నేను భయపడినంత కాలేదు. నంబరు మా అమ్మాయి కాలేజీ దరఖాస్తుతో పెట్టిన జిరాక్సు మీద ఉంది. ఆధార్ వెబ్‌సైటులో నంబరు కొడితే ఫోనుకు ఓటీపీ వచ్చింది, ఈ-ఆధార్ దిగింది. ఫైలు తెరవడానికి పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దవిగా, పక్కనే పుట్టిన సంవత్సరం కొట్టాలి. జిరాక్సు కొట్టులో రంగుల్లో తీయించి లామినేషన్ చేయించాను. ప్లాస్టిక్ కార్డుకు అప్పట్లో యాభై రూపాయలు కట్టాను, స్పీడ్ పోస్టులో ఇంటికే వచ్చింది. ఈ-ఆధార్ అలా దిగాలంటే ఆధార్‌కు ఇప్పుడు వాడుతున్న ఫోను నంబరే జతై ఉండాలి. మా అత్తమ్మ ఆధార్‌కు ఎప్పుడో పోయిన నంబరు ఉంది. ఆమె కార్డు పోయి ఉంటే మేం ఆధార్ కేంద్రం చుట్టూ తిరగాల్సి వచ్చేది. అదే వారం ఆమెను తీసుకెళ్లి నంబరు మార్పించాను.

వేలిముద్రలకు తాళం వేయడం కూడా అదే వెబ్‌సైటులో ఉంది. తాళం వేస్తే మన ఆధార్‌తో ఎవరూ వేలిముద్ర లావాదేవీ చేయలేరు, మనకు కావలసినప్పుడు తీసుకోవచ్చు. ఇక సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో మన పేరు మీద ఎన్ని సిమ్ కార్డులు ఉన్నాయో చూపిస్తుంది. నెలకోసారి చూస్తున్నాను. ఇప్పటివరకు నా రెండే ఉన్నాయి. పాన్ కార్డు కూడా యాభై రూపాయలతో మళ్లీ వచ్చింది, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

తాకట్టు రసీదు మాత్రం నన్ను నెల రోజులు తిప్పింది. ఏ కంపెనీయో చెప్పను. ఎఫ్ఐఆర్ నకలు కావాలన్నారు. అక్కడ “పోగొట్టుకున్నాను” అన్న కాగితమైతే ఒప్పుకుంటారో లేదో గానీ, దొంగతనం అని ఉన్న నకలును మాత్రం ఎదురు ప్రశ్న లేకుండా తీసుకున్నారు. తరవాత వంద రూపాయల స్టాంపు కాగితం మీద, ఆ రసీదు వల్ల ముందు ముందు ఏ చిక్కొచ్చినా బాధ్యత నాదేనని హామీపత్రం రాయించుకున్నారు. ఒక సాక్షి సంతకం కావాలన్నారు. మా ఆయన పని మానుకుని వచ్చాడు. మళ్లీ వెళ్తే మేనేజర్ లేరు. మూడోసారి వెళ్లినప్పుడు గాజులు నా చేతికొచ్చాయి. అవి మా అమ్మ పెట్టిన గాజులు. ఆ నెలంతా కుట్టుమిషను మీద కూర్చున్నా కాళ్లు ఆడలేదు. తొమ్మిది వేలు పోయినందుకు ఒక్కరోజు ఏడ్చాను, ఆ కాగితం ముక్క కోసం నెల రోజులు నిద్రపోలేదు. ఇప్పుడు అలాంటి కాగితాలన్నీ బీరువాలో ఉంటాయి, ఫోటో ఫోనులో ఉంటుంది.

నా డబ్బు దొరకలేదు. పర్సూ దొరకలేదు.

మా అత్తమ్మకు డెబ్బై దాటాయి. ఆమె దగ్గర వక్కాకు తిత్తి ఉంటుంది, రెండు పక్కలా తాడు లాగితే మూతి బిగుస్తుంది. దాన్ని రొంటిన దోపుకుంటుంది. టికెట్టుకు, టీకి కావలసిన చిల్లర కొంగున ముడి వేసుకుంటుంది. ఇన్నేళ్లలో ఆమె సొమ్ము ఒక్క రూపాయి పోలేదు. బయటికి తీసే డబ్బు ఒకచోట, తీయని డబ్బు ఇంకొకచోట. నేను హ్యాండు బ్యాగు కొనుక్కున్నాక ఆ రెండింటినీ కలిపేశాను. పర్సు పోయిన రాత్రి ఆమె తిత్తిని చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను.

మర్నాడే నా లంగాకు జేబు కుట్టాను. పాప్లిన్ బట్ట, ఏడంగుళాల పొడవు, ఐదంగుళాల వెడల్పు. నాడా పట్టీకి నాలుగు వేళ్ల కింద, కుడివైపు కొంచెం ముందుకు. పక్కకు కుడితే తోపులాటలో చెయ్యి తగులుతుంది, వెనక్కి కుడితే కూర్చున్నప్పుడు నొక్కుతుంది. చుట్టూ రెండు వరసల కుట్టు, మూలల్లో అడ్డకుట్టు, మూతికి జిప్పు. నోట్లు చెమటకు తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి లోపల ఉంచుతాను. ఆధార్ కార్డు ఒక్కటే మెడలో వేసుకునే కవరులో కొంగు చాటున ఉంటుంది. చూపించాల్సింది అదొక్కటే కాబట్టి అదొక్కటే బయటికి వస్తుంది. బ్యాగులో ఇరవైలు, పదులు కలిపి రెండు వందలు, మంచినీళ్ల సీసా.

చెర్వుగట్టు శివుడి గుడికి అమావాస్య జాతరకు వెళ్లినప్పుడు ఇంకొకటి గమనించాను. దొంగలున్నారు, జాగ్రత్త అని మైకులో చెప్పగానే నా చుట్టూ ఉన్నవాళ్లంతా ఎక్కడ డబ్బుందో అక్కడ తడుముకున్నారు. మగవాళ్లు వెనక జేబు, ఆడవాళ్లు జాకెట్టు దగ్గర, కొందరు బ్యాగు. దొంగ ఆ గుంపులో ఉంటే వాడికి అంతకన్నా ఏం కావాలి? నాకు తెలిసినవాళ్లకు ఇదే చెబుతున్నాను. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు తడిమి చూసుకోండి, గుంపులో తడుముకోకండి.

ఆ జాతర నుంచి వచ్చాక మా వీధిలో పదకొండు మందికి లంగా జేబులు కుట్టాను. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు దీన్ని చూసి, నాకూ ఒకటి పెట్టు అక్కా అంటున్నారు. మొన్న పానగల్లు నుంచి ఒక ముసలమ్మ తన లంగా పట్టుకుని వచ్చింది. నేను కుట్టిన జేబు జిప్పును రెండుసార్లు లాగి చూసింది. కీళ్లనొప్పులకు ఆమె వేళ్లు వంకర్లు పోయాయి, జిప్పు పట్టు చిక్కలేదు. “బిడ్డా, ఇది తీసేసి తాడు పెట్టు, తిత్తికి పెట్టినట్టు” అంది. జిప్పు విప్పి, మూతికి మడత కొట్టి, రెండు పక్కలా తాడు ఎక్కించాను. ఆమె అక్కడే కూర్చుని నాలుగైదుసార్లు లాగి, వదిలి, మళ్లీ లాగి చూసుకుని వెళ్లింది.