వీపు నిండా గుడ్లు

కడపలో బస్సు మారింది మొదలు పోరుమామిళ్లలో దిగేవరకు, నీటి పురుగుల ఫొటోల కోసం చేయించిన గాజు తొట్టెను ఒడిలోంచి దించలేదు. జానెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు. అయిదు అద్దం ముక్కలు కోసి అతికించినందుకు నాలుగు వందలు తీసుకున్నారు. మైదుకూరు దాటాక గుంత వచ్చినప్పుడల్లా నా ప్రాణం ఆ అద్దాల్లోనే ఉంది. బస్టాండు నుంచి చెరువు దాకా ఆటోకు మరో రెండు వందలు. అన్యాయం, కానీ ఎండలో బేరమాడే ఓపిక లేదు.

కట్ట ఎక్కాక ఆ కోపం నిలవలేదు. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు ఇది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లకు వంద బండ్లు, రెండేళ్ల పని అని 1369 నాటి శాసనం లెక్క చెబుతుంది.

మాది అనంతపురం. చిన్నప్పుడు బుక్కరాయసముద్రం చెరువులో పురుగులు పట్టి సీసాలో ఇంటికి తెచ్చేవాణ్ణి. తెల్లారేసరికి అన్నీ చచ్చి తేలేవి. ఆ సీసా నాకింకా గుర్తుంది. అందుకే ఇప్పుడు ఏ ప్రాణినీ గట్టు దాటించను.

చెరువు నీళ్లను గుడ్డలో వడగట్టి తొట్టెలో పోసి, మన్ను అడుక్కి దిగేదాకా ఆగాలి. వెనక నల్లగుడ్డ కట్టి, లెన్సును అద్దానికి ఆనించి, ఫ్లాష్ పైనుంచి వేస్తే అద్దంలో మెరుపు పడదు. పొద్దంతా తూనీగ పిల్లలు, వెల్లకిలా ఈదే పురుగులు.

మధ్యాహ్నం బర్రెలను నీళ్లకు తెచ్చిన తాత ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపు చూసి, నాచు కింద ఒకచోట కర్రతో చూపించాడు. "చేయి పెట్టవద్దు నాయనా, కరుస్తుంది."

గోధుమరంగులో, బల్లపరుపుగా, చింతగింజ కంటే కాస్త పెద్ద పురుగు. వీపు కనిపించకుండా గుడ్లు, సజ్జకంకి మీద గింజల్లా ఒకదానికొకటి ఆనుకుని. ఏళ్ల తరబడి వెతుకుతున్నది ఎదురుగా ఉంటే నా చేతులు వణికాయి. జల్లెడతో తీసి తొట్టెలో వదిలాను. అది తేలివచ్చి, గుడ్లు గాలికి తగిలేలా వీపును నీటి పైకి ఎత్తి, కాళ్లతో నెమ్మదిగా ఊగసాగింది.

"తల్లి ఎంత కష్టపడుతోందో" అన్నాడు తాత.

"తల్లి కాదు తాతా, తండ్రి. ఆడది మగదాని వీపుకే గుడ్లు అంటిస్తుంది. పిల్లలయ్యేదాకా ఇది మోయాలి. మోసినన్నాళ్లూ ఎగరడం కుదరదు. ఇలా గాలీ నీళ్లూ ఆడించకపోతే గుడ్లు బూజుపట్టి పోతాయి."

తాత చాలాసేపు ఏమీ అనలేదు. కెమెరాలో బొమ్మ మళ్లీ చూపించమన్నాడు. పెద్దది చేసి చూపిస్తే వేలితో గుడ్లు లెక్కపెడుతూ పోయి, అరవై దగ్గర తప్పాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

"మరి ఆడది ఎక్కడికి పోయింది?"

"వేటకు పోయి ఉంటుంది. మళ్లీ గుడ్లు పెట్టాలిగదా, తిండి కావాలి."

వెలుగు తగ్గుతోంది. తొట్టె ఎత్తి నీటి అంచున వంచబోతుంటే తాత నా మోచేయి పట్టుకున్నాడు.

"ఇక్కడ కాదు నాయనా. అదిగో, ఆ నాచు దగ్గర. అక్కడినుంచే కదా తీశావు."

ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి దిగాను.