గళ్ళనుడికట్టు ప్రాజెక్టు: ‘స్త్రీ’ ఒక గడా, మూడు గడులా?

మొదటి ఆదివారం

మా అపార్ట్‌మెంటులో ఉండే రిటైర్డ్ తెలుగు మాష్టారు వారానికో గళ్ళనుడికట్టు కూర్చి, స్కేలుతో గీసి, లిఫ్ట్ పక్కన అంటిస్తారు. దాన్ని ఫోన్లో ఆడుకునేలా చేసిపెడతానని నోరుజారాను. 9×9, మొత్తం 81 గడులు.

వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ అనే లైబ్రరీ వద్దనుకున్నాను. ఆఫీసులో రోజూ రాసేది అదే, దానిమీద కోపమేం లేదు. పదిమంది ఒకే కోడ్‌లో చెయ్యి పెట్టేచోట అది కావాలి కూడా. కానీ ఆర్నెల్లకోసారి తెరిచే సొంత పనికి, తెరిచిన ప్రతిసారీ ముందు ప్యాకేజీలు అప్‌డేట్ చేసుకునే ఓపిక నాకు లేదు. అందుకే ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ, గళ్ళు పేర్చడానికి సీఎస్ఎస్ గ్రిడ్, ఒకే జావాస్క్రిప్ట్ ఫైలు. డేటాబేస్ లేదు, వారానికో జేసన్ ఫైలు (డేటాను మామూలు అక్షరాల్లో రాసిపెట్టే పద్ధతి). సగం నింపినవి బ్రౌజర్ తనలోనే దాచుకునే లోకల్ స్టోరేజ్‌లో ఉంటాయి.

ఈ కారణాలన్నీ నోట్స్ ఫైలు మొదట్లోనే రాసి పెట్టాను. వెనకటి ఒక ఆఫీసులో కాల్‌లో ఎవరో అన్నారని రెండు వారాలు కూర్చుని లైబ్రరీ మార్చాం. ఆర్నెల్ల తర్వాత ఎందుకు మార్చామో చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

రెండో ఆదివారం

టైపింగే పెద్ద తలనొప్పి. ‘స’ కొట్టగానే కర్సర్ పక్క గడిలోకి దూకేస్తోంది, ఒత్తు అక్కడ పడుతోంది. ఆండ్రాయిడ్ కీబోర్డుల్లో కీ నొక్కగానే వచ్చే కీడౌన్ సంకేతాన్ని నమ్ముకుంటే చాలాసార్లు ఏ కీ అయినా దాని కోడు 229 అనే వస్తుంది, కాబట్టి గడిలో రాత మారినప్పుడు వచ్చే ఇన్‌పుట్ ఈవెంట్ మీదే ఆధారపడాలి. చివరికి తనంతట తాను దూకడం మానిపించేశాను. తర్వాతి గడిని వేలితో తాకితే సరి.

మూడో ఆదివారం

మాష్టారి నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్: “బాబూ, అక్షరాల లెక్క తప్పుతోంది, చూడు.” నేనూ అందరు డెవలపర్లలాగే, “నా దగ్గర బానే వస్తోందండీ” అన్నాను. అలా రెండు రోజులు గడిచాయి. ఆఫీసులో ఎవరైనా నాకు ఇదే జవాబిస్తే ఒళ్ళు మండుతుంది.

అప్పుడు మూడు ముక్కలు అడిగాను: ఏం నొక్కారు, ఏం రావాలి, ఏం వచ్చింది? మాష్టారు కాగితం మీద రాసి ఫొటో పంపారు: “నిలువు 4, జవాబు స్త్రీ. ఒక గడి రావాలి. మూడు గడులు వచ్చాయి.” ఇంత శుభ్రమైన బగ్ రిపోర్టు నాకు ఆఫీసులో ఎన్నడూ రాలేదు.

సంగతేమిటంటే, స్త్రీలో యూనికోడ్ (కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) సంకేతాలు ఆరు: స, ్, త, ్, ర, ీ. జావాస్క్రిప్ట్‌ని లెంగ్త్ (పొడవు) అడిగితే 6 అంటుంది. అందుకని పదాన్ని అక్షరాలుగా విడగొట్టే, బ్రౌజర్లోనే ఉండే ఇంటిల్ సెగ్మెంటర్ వాడాను. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచి తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూడమని నియమం చేర్చారు. నా లాప్‌టాప్ బ్రౌజర్ కొత్తది, ఒకటి అంది. మాష్టారి ఫోన్ పాతది, స్, త్, రీ అని మూడు చేసింది. ఇద్దరం నిజమే చెబుతున్నాం.

సెగ్మెంటర్ తీసేసి హల్లులకు సొంత రెగెక్స్ (అక్షరాలను పోల్చిచూసే నమూనా) రాసుకున్నాను: (?:[క-హ]్)*[క-హ][ా-్]?[ఁ-ః]? అచ్చులకు [అ-ఔ][ఁ-ః]? చాలు. పదం చివరి పొల్లుకు విడిగా ఒక గడి. అది మాష్టారి తీర్పు, నేను వాదించలేదు.

నాలుగో ఆదివారం

‘సాఫ్ట్‌వేర్’ దగ్గర మళ్ళీ పేచీ. మాష్టారి లెక్కలో నాలుగు గడులు: సా, ఫ్ట్, వే, ర్. నా ఫైల్లో మూడే. ట్ తర్వాత ఉండాల్సిన, అక్షరాలు అతుక్కోకుండా ఆపే, కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ నేను టైప్ చేసినప్పుడు పడలేదు. దాంతో ఫ్ట్వే అని అతుక్కుపోయింది. ఇప్పుడు జేసన్‌లో జవాబులన్నీ గడి గడిగా విడగొట్టే రాస్తున్నాను. రెగెక్స్ పని ఆడేవాళ్ళు కొట్టినదాన్ని సరిచూడటం వరకే.

వచ్చే వారం ప్రింట్ స్టైల్ చెయ్యాలి. ఏ4 కాగితంలో గళ్ళు పైన, అడ్డం నిలువు ఆధారాలు కింద. ఫోన్లో ఎంత బాగున్నా, లిఫ్ట్ పక్కన కాగితం మాత్రం తియ్యనని మాష్టారు ముందే చెప్పేశారు.