కళ్ళు లైను మీద, మనసు ఇంకెక్కడో

నా పని ప్రూఫులు దిద్దడం. పుస్తకం అచ్చుకు వెళ్ళేలోపు ప్రతి పేజీ చూసి, జారిపోయిన ఒత్తునీ, ఎగిరిపోయిన దీర్ఘాన్నీ పట్టుకోవాలి. రోజంతా ధ్యాసతోనే పని. అందుకే "ఈ రోజుల్లో ఎవరికీ ఏకాగ్రత లేదు, అంతా ఫోన్ల వల్లే" అని ఎవరైనా ఒక్క మాటలో తేల్చేస్తే నాకు మనసొప్పదు. ఫోన్ల తప్పేమీ లేదని కాదు. కానీ ఫోను పక్క గదిలో ఉన్నప్పుడు కూడా మనసు జారుతుంది. ఆ జారడం ఎలా ఉంటుందో దగ్గరగా చూడకుండా ఫోను మీద కోపం తెచ్చుకుంటే ఒరిగేదేమీ లేదు.

కథ బాగుంటే ప్రూఫ్ రీడర్‌కి కష్టం. కథలో పడి చదువుతున్నంతసేపూ ఏకాగ్రతకి లోటుండదు, కాకపోతే అదంతా అర్థం మీద ఉంటుంది. "విధి నిర్వహణలో" అని ఉండాల్సిన చోట "వీధి నిర్వహణలో" అని పడినా, మెదడు తనకు కావలసిన మాటే చదివేసుకుని ముందుకు పోతుంది. "ఆ వేళకి" కాస్తా "ఆ వేలకి" అయినా అంతే. రెండూ తెలుగు మాటలే కాబట్టి కంప్యూటర్ కూడా పట్టుకోదు. లైను చివర ఒక "అని", కింది లైను మొదట్లో ఇంకో "అని" పడితే రెండోది కంటికి ఆనదు. అన్నిటికన్నా విచిత్రం ఏమిటంటే, హెడ్డింగులో బొటనవేలంత అక్షరాల్లో ఉన్న ముద్రారాక్షసం అందరినీ దాటుకుని వెళ్ళిపోగలదు. హెడ్డింగులో తప్పెందుకుంటుందిలే అని దాన్ని ఎవరూ అక్షరం అక్షరంగా చూడరు మరి. అందుకే అర్థం కోసం ఒకసారి, అక్షరాల కోసం ఇంకోసారి విడివిడిగా చదువుతాను. రెండూ ఒకే చదువులో అయిపోతాయనేవాళ్ళు ఉన్నారు. నేను నమ్మను.

1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ ఛాబ్రిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వీడియోలో కొందరు బంతి అందించుకుంటూ ఉంటారు, తెల్లచొక్కాల వాళ్ళు ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టమంటారు. మధ్యలో గొరిల్లా వేషంలో ఒక మనిషి వచ్చి, గుండెలు బాదుకుని వెళ్తుంది. చూసినవాళ్ళలో దాదాపు సగం మందికి ఆ గొరిల్లా కనబడనే లేదు. మనుషులు ఎంత పరాకుగా ఉంటారో చెప్పడానికి దీన్ని వాడుతుంటారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. వాళ్ళు చెప్పిన పని శ్రద్ధగా చేశారు. అంత శ్రద్ధగా చేశారు కాబట్టే అది కనబడలేదు. మీకు ఏకాగ్రత లేదని మీరు అనుకుంటున్న సమయంలో అది బహుశా ఇంకో చోట నిండుగా ఉండి ఉంటుంది. ఎక్కడ ఉందో కనుక్కోవడమే మొదటి పని.

ఇక అలసట సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెరల ముందు గంటల తరబడి కూర్చునేవాళ్ళు కొంతసేపటికి ముఖ్యమైన గుర్తుల్ని వదిలేయడం మొదలుపెట్టేవారు. ఎందుకో తేల్చడానికి బ్రిటన్‌లో నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక గడియారం తయారుచేశాడు. అందులో ముల్లు ఒక్కో గంతు చొప్పున కదులుతుంది, ఎప్పుడో ఒకసారి రెండు గంతులంత దూరం దూకుతుంది. అలా దూకినప్పుడల్లా మీట నొక్కాలి. 1948లో అచ్చయిన ఆ ఫలితాల్లో, మొదటి అరగంట గడిచేసరికే వదిలేసినవి పెరిగిపోయాయి. ఎంపిక చేసి శిక్షణ ఇచ్చిన మనుషులకే, గెలుపోటములు ఆధారపడిన పనిలోనే అరగంటకి చూపు మందగిస్తే, మనల్ని మనం తిట్టుకోవడంలో అర్థం లేదు. అక్షరాల చదువు అరగంట అయ్యాక నేను లేచి, చేతులతో చేసే పనేదైనా చూసుకుంటాను. పేజీ నంబర్లు సరిచూడటం లాంటి వేరే రకం పనైనా ఫరవాలేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. చదువుతూ ఉండగా మనసు జారినప్పుడు కళ్ళు ఆగవు. లైను వెంట పోతూనే ఉంటాయి, పేజీ కూడా తిప్పుతాం. రెండు పేరాలు దాటాక ఎప్పుడో తెలుస్తుంది, ఇందాకటి నుంచి ఒక్క ముక్క తలకెక్కలేదని. జోనథన్ స్కూలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు దీన్ని ప్రయోగశాలలో పరిశీలించారు. చదివేవాళ్ళకి ఒక మీట ఇచ్చి, మనసు జారిందని తెలిసినప్పుడల్లా నొక్కమన్నారు. దాంతోపాటు మధ్యమధ్యలో హఠాత్తుగా ఆపి "ఇప్పుడు మీ మనసెక్కడుంది?" అనీ అడిగారు. అలా అడిగినప్పుడు చాలాసార్లు మనసు వేరేచోటే దొరికింది, ఆ సంగతి చదువుతున్నవాళ్ళకే అప్పటిదాకా తెలియలేదు.

అంటే ఇక్కడ రెండు వేర్వేరు విషయాలున్నాయి. మనసు పోవడం ఒకటి, పోయిందని తెలియడం ఇంకొకటి. మొదటిది మన చేతిలో పెద్దగా లేదు. రెండోది మాత్రం అభ్యాసంతో పదునెక్కుతుంది. రెండు పేరాల తర్వాత తెలిసేది, కొన్నాళ్ళకి రెండు లైన్ల తర్వాతే తెలుస్తుంది. ఏకాగ్రత ఉన్నవాళ్ళని మనం అనుకునేవాళ్ళ మనసు అసలు కదలదని నేను అనుకోను. వాళ్ళు తొందరగా పట్టుకుంటారు, అంతే.

నేను చేసేది ఇది. ప్రూఫు పక్కన ఒక చిత్తుకాగితం పెట్టుకుంటాను. మనసు జారిందని తెలిసిన క్షణంలో దాని మీద పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి, చివరగా ఏ మాట నిజంగా చదివానో అక్కడికి వెనక్కి వెళ్తాను. చుక్కల్ని లెక్కపెట్టను. చుక్క పడిందంటే పట్టుకున్నట్టే కదా, అది మంచి విషయమే. మొదట్లో చుక్కలు పెరిగితే దిగులు పడకండి, అంతకుముందు కూడా అన్నిసార్లూ జారేది, మీకు తెలిసేది కాదు.

ఇలా చుక్క పెట్టిన ప్రతిసారీ మనసు ఎటు పోయిందో కూడా ఒక మాట రాసుకుంటే రెండు సంగతులు బయటపడతాయి. ఒకటి, అది ఎక్కువగా సగంలో ఆగిన పనుల దగ్గరికి పోతుంది. జవాబు ఇవ్వాల్సిన ఉత్తరం, ఎవరితోనో మాట్లాడి తేల్చాల్సిన మాట. 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే పరిశోధకులు చూపించింది నాకు బాగా ఉపయోగపడింది. అలాంటి పనిని అప్పటికప్పుడు పూర్తి చేయకపోయినా, ఎప్పుడు ఎలా చేస్తామో ఒక స్పష్టమైన ప్లాన్ వేసుకుంటే అది మనసుని పీకడం తగ్గుతుంది. "సాయంత్రం లేవగానే ఫోన్ చేసి ఫలానా విషయం అడగాలి" అని కాగితం మీద పడితే చాలు, నా మనసు తిరిగి పేజీ మీదకొస్తుంది. "ఆ సంగతి చూడాలి" అని రాసుకుంటే మాత్రం రాదు.

రెండో సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. మనసు బోరుకొట్టే చోట జారుతుందనుకుంటాం. నా చిత్తుకాగితాలు అలా చెప్పవు. క్రియ ఎక్కడుందో తెలియని ఎనిమిది లైన్ల వాక్యం ఎదురైనప్పుడు, రచయిత చెప్పేది నాకు సరిగ్గా అంతుబట్టనప్పుడు, సరిగ్గా అక్కడే చెయ్యి ఫోను కోసం వెతుకుతుంది. కష్టం తగిలిన చోటు అది. విసుగు రూపంలో కనబడుతుంది కాబట్టి మనం పోల్చుకోం. అక్కడ నేను ఆ వాక్యాన్ని పైకి చదువుతాను, క్రియ కింద గీత గీస్తాను. కష్టం చిన్న ముక్కలైతే ఫోను గుర్తుకు రాదు.

ఫోను, స్క్రీన్ల గురించి నిక్కచ్చిగా చెప్పుకోవాల్సింది కూడా ఉంది. కంప్యూటర్ల ముందు పనిచేసేవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించిన గ్లోరియా మార్క్ కొలతల్లో, ఒక స్క్రీన్ మీద చూపు నిలిచే సగటు సమయం 2004లో రెండున్నర నిమిషాలు ఉండేది. ఇటీవలి ఏళ్ళలో అది 47 సెకన్లకి దిగింది. ఆమె గమనించిన అంతరాయాల్లో దాదాపు సగం బయటి నుంచి వచ్చినవి కావు, మనుషులు తమకు తాము కల్పించుకున్నవే. నోటిఫికేషన్లు ఆపేస్తే మిగతా సగంలో కొంతైనా ఆగుతుంది, అది తప్పకుండా చేయండి. 2009లో సోఫీ లెరోయ్ పరిశోధన ఇంకో నష్టం చూపించింది: ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి మారితే, ధ్యాసలో కొంత పాత పని దగ్గరే ఉండిపోతుంది. "ఒక్క మెసేజ్ చూసి వచ్చేస్తాను" అనుకుంటాం, మనిషి వస్తాడు, మనసు అంతా రాదు.

జారిన మనసుని తిప్పి తీసుకురావడాన్ని పని లేని వేళల్లోనూ సాధన చేయొచ్చు. ఊపిరి మీద ధ్యాస పెట్టి కూర్చోవడంలో జరిగేది అదే. వెండీ హాసెన్‌కాంప్ బృందం 2012లో ధ్యానం అలవాటున్న 14 మందిని మెదడు పనితీరు చూపే స్కానర్‌లో ఉంచి చూస్తే ఒక చక్రం కనబడింది. మనసు పోతుంది, పోయిందని తెలుస్తుంది, మళ్ళీ ఊపిరి మీదకి మళ్ళిస్తారు, కాసేపు నిలుస్తుంది, మళ్ళీ పోతుంది. ఏళ్ళ సాధన ఉన్నవాళ్ళకి కూడా పోతుంది! ఇది నాకెంతో ధైర్యాన్నిచ్చింది. చెదిరిన ధ్యాసని పదేపదే వెనక్కి తెచ్చుకోగల శక్తే వివేకానికీ, నడవడికకీ మూలమని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లోనే రాశాడు.

మెదడుకి పదును పెడతామనే ఆటల యాప్‌లకి డబ్బు కట్టొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఆ ఆటలు ఆడితే ఆ ఆటల్లోనే ఆరితేరతారు, మిగతా పనుల్లోకి ఆ నేర్పు వస్తుందనడానికి ఆధారం బలంగా లేదు. 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి ప్రచారం మీదే లూమోసిటీ కంపెనీ చేత 20 లక్షల డాలర్లు కట్టించింది. దానికన్నా నిద్ర నయం. నిద్ర తక్కువైన మర్నాడు చుక్కలు కూడా పడవు, పట్టుకునే శక్తే ముందు పోతుంది. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడం కష్టమయ్యే ఒక వైద్య సమస్య) ఉన్నవాళ్ళకి ఈ చిట్కాలు చాలవు, డాక్టర్ సాయం కావాలి. అలాంటివాళ్ళని "కాస్త మనసు పెట్టు" అని మందలించడం చూస్తే నాకు బాధేస్తుంది.

చివరగా, ఎక్కువ పేజీలు చూసేవాళ్ళకోసం ఒక మాట. పుస్తకంలో తప్పులు చివరి పేజీల్లో ఎక్కువగా మిగిలిపోతాయి, ఎందుకంటే చదివే ప్రతి ఒక్కరూ అక్కడికి అలసిపోయి చేరుకుంటారు. నేను రెండో విడత ఆఖరి అధ్యాయంతో మొదలుపెడతాను. పరీక్ష జవాబులు సరిచూసుకునే పిల్లలైనా, పెద్ద రిపోర్టు పంపబోయేవాళ్ళయినా ఈసారి వెనక నుంచి చూసుకోండి.