మొహం కనపడకూడదట

"దీన్ని ఎవరు వెలిగించమన్నారు?"

సోమవారం డైలీస్‌లో, అంటే చేసిన షాట్లు కలిసి చూసుకునే మీటింగులో, అందరి ముందూ మా సూపర్‌వైజర్ అడిగిన మాట. ఆవిడ నాకంటే పదేళ్లు చిన్నది. ఇక్కడ పేరు పెట్టి పిలుచుకోవడం మామూలే కాబట్టి, తిట్టు కూడా పేరుతో సహా తగిలింది.

ఫ్రాన్స్‌లో, అంగులేమ్‌లో ఈ స్టూడియోలో చేరి ఏడు నెలలైంది. పెద్దవాళ్ల కోసం తీస్తున్న బొమ్మల సినిమా, నాలుగు దెయ్యం కథలు. నా షాట్‌లో ఒక ముసలాయన మెట్ల కింద నిలబడతాడు. చీకట్లో మనిషి ఉన్నట్టే లేడని, చెవి దగ్గర్నుంచి భుజం దాకా అంచు వెంబడి సన్నటి వెలుగు, రిమ్ లైట్, వేశాను. బాగా చేశాననే అనుకున్నాను కూడా. ఆవిడ ఆ లేయర్ ఆపేసింది. తెర మొత్తం నలుపు.

"ఇప్పుడున్నాడు," అంది.

నాకు ఒళ్లు మండింది. హైదరాబాద్‌లో పదకొండేళ్లు పిల్లల సీరియళ్లకు కంపోజిటింగ్, అంటే బొమ్మల పొరల్నీ వెలుగునీడల్నీ ఒక్క ఫ్రేములో కలిపే పని, చేశాను. అక్కడ రాత్రంటే నీలం. రాత్రని తెలియాలి, కానీ కుర్చీ కాళ్ల దాకా కనపడాలి. మొహం మీద కాస్త నీడ పడితే చాలు, పొద్దున్నే మెయిల్: ఫేస్ కనపడట్లేదు, రీటేక్. ఆ మెయిళ్లు పంపిన క్లయింట్లలో ఫ్రెంచివాళ్లూ ఉన్నారు మరి! వాళ్లు నేర్పిన అలవాటుకే ఇప్పుడు వీళ్ల చేత తిట్లు.

సాయంత్రం పక్క సీటు కుర్రాడు, జాలిపడ్డాడేమో, 2007లో ఇక్కడివాళ్లే తీసిన 'పర్ దు న్వార్' చూడమన్నాడు. పేరుకి అర్థం చీకటి భయం. ఆరుగురు చిత్రకారులు, అంతా నలుపూ తెలుపే. అన్నీ ఒకే ఎత్తులో లేవు. రకరకాల ఆకారాలు కదులుతుంటే ఒకావిడ తన భయాలు చెప్పుకుపోయే భాగం దగ్గర నాకు నిద్రొచ్చింది. కానీ రిచర్డ్ మెగ్వైర్ చేసిన చివరి కథ! మంచు తుఫానులో ఒకడు ఖాళీ ఇంట్లోకి దూరతాడు. బొమ్మకి గీతలే లేవు. వెలుగు పడినంత మేరే గది ఉంటుంది, మిగతాదంతా నలుపు. ఫోటో ఆల్బం తిప్పితే మగాడి మొహం ఉండాల్సిన చోట కత్తిరించిన కంత. ఫ్రేము ఫ్రేముకీ ఆపి చూశాను. ఎంత వెతికినా ఒక్క చోట కూడా నాలాంటివాడు జాలిపడి వేసిన లైటు లేదు.

వీధి పేర్ల పలకల్ని కూడా కామిక్స్‌లో మాటల బుడగల్లా చేసుకున్న ఊరిది. బొమ్మలంటే పిల్లలవే అని ఇక్కడ ఎవరూ అనరు. ఏం చేస్తున్నావని అమ్మ అడిగితే బొమ్మల సినిమా అన్నాను. "మన బుజ్జిగాడికి చూపించొచ్చా?" అంది. వద్దన్నాను. అయితే ఎవరికోసం తీస్తున్నట్టు అని ఆవిడ అనుమానం.

అయినా మనకేం కొత్త? కరెంటు పోయిన రాత్రి నాయనమ్మ చెప్పిన దెయ్యానికి మొహం ఉందా? పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని ఊరుకునేది, అంతే. ఆ పాదాలు నాకు ఇప్పటికీ తెలుసు. పదకొండేళ్ల రీటేకుల్లో మర్చిపోయానంతే.

నిన్న షాట్ మళ్లీ పంపాను. రిమ్ లైట్ తీసేశాను. ముసలాయన చొక్కా గుండీ ఒక్కటి మాత్రం, నాలుగైదు పిక్సెళ్లు, మెరిసేలా ఉంచాను.

"గుండీ ఎందుకు?" అంది సూపర్‌వైజర్.

పాదాల సంగతి చెప్పాను, నాకొచ్చిన ముక్కల ఫ్రెంచిలో. ఆవిడ ఆ షాట్‌ని ఇంకో రెండుసార్లు నడిపి, ఏమీ అనకుండా తర్వాతి షాట్‌కి వెళ్లిపోయింది.